జకాత్ లెక్క చూసే ఉద్యోగానికి సిగ్గెందుకు?

ప్రశ్న: మాది నర్సాపురం. చిన్న బట్టల కొట్టు. మా అబ్బాయి బీకాం ఆఖరి ఏడాది. సీఏ చదవమంటే వినడు. జకాత్ నిర్వహణ, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అని ఏదో ఆన్‌లైన్ డిప్లొమా చేస్తానంటాడు. ఫీజు లక్షన్నర. ఏది మేలు? పేదల సొమ్ములోంచి జీతం తీసుకుంటే చుట్టాల్లో తలెత్తుకోగలమా?

జవాబు: మీ టెన్షన్ అంతా ఆఖరి వాక్యంలోనే ఉందండీ. ముందు దానికే చెబుతాను. జకాత్ అంటే కలిగిన ముస్లిం ఏటా తప్పనిసరిగా తీసి ఇవ్వాల్సిన వాటా. దాన్ని అందుకోదగ్గవాళ్లు ఎనిమిది రకాలని ఖురాన్‌లో తౌబా సూరా 60వ ఆయత్ చెబుతుంది. పేదలు, అగత్యపరుల తర్వాత మూడోవాళ్లు ఆ సొమ్ము వసూలు చేసి పంచే పనివాళ్లే. ఖురానే కూలి రాసిపెట్టిన పనికి మీరు తల దించుకుంటారా? అబ్బాయి ముందు ఆ మాట అని ఉంటే ఇవాళే వెనక్కి తీసుకోండి.

ఇక ఆ డిప్లొమా. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో పేదరికం, ఆకలి, చదువు, ఆరోగ్యం జకాత్‌తో వాటంతటవే కలుస్తాయి. ఇండోనేషియాలో బజ్నాస్ అనే జాతీయ జకాత్ సంస్థ జాంబి ప్రాంతపు పల్లెల్లో చిన్న జలవిద్యుత్ కేంద్రాలకూ ఆ నిధి వాడింది. ఇక్కడ అలా కుదరదు. మన వైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ము అర్హుడి చేతికి వెళ్లి అతని సొంతం కావాలి. ఊరుమ్మడి బోరు వేయాలంటే సదకా (ఇష్టంతో ఇచ్చే దానం), వక్ఫ్ (ధర్మానికి శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తి) చూసుకోవాలి. ఈ తేడా చెప్పకుండా రిపోర్టు మీద రంగురంగుల లక్ష్యాల బొమ్మలు అతికించడం నేర్పే కోర్సు లక్షన్నర చేయదు. మలేసియాలో జకాత్ వసూలుకు రాష్ట్రాల వారీగా సంస్థలున్నాయి. మన దేశంలో అలాంటి సర్కారు శాఖ లేదు. ఇక్కడ ఉద్యోగమంటే ట్రస్టులు, స్వచ్ఛంద సంస్థలే, జీతం మొదట్లో తక్కువే.

కానీ పని మాత్రం కొండంత ఉంది. ఒక రంజాన్‌లో ఓ కమిటీ పుస్తకం చూశాను. పేరు, రూపాయలు, వేలిముద్ర, మూడే గడులు. ఫిత్రా (రంజాన్ పండగకు ముందు ఇచ్చే దానం), జకాత్, సదకా అన్నీ ఒకే వరసలో రాసేశారు. ఆ డబ్బుతో కుట్టుమిషను కొనుక్కున్న ఆమె ఏడాది తర్వాత కుడుతోందో, అమ్ముకుందో రాయడానికి గడే లేదు. పేదరికం తగ్గిందో లేదో తెలిసేది ఆ నాలుగో గడిలోనే.

సీఏ బలవంతంగా చదివించకండి. లెక్కలంటే ఇష్టమైతే సీఏనో ఎంకామో, మనుషుల్లో తిరగడం ఇష్టమైతే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ). ఏది చదివినా ఈ రంగంలోకి రావచ్చు, మీ వాడికి దారి మూసుకుపోదు. ముందు మీ కొట్టు జకాత్ లెక్క అతనికే అప్పజెప్పండి. అల్మరాల్లో ఉన్న సరుకుకు ఇవాళ్టి ధర కట్టి, హోల్‌సేల్ వాళ్లకు ఇవ్వాల్సిన బాకీ తీసేసి, నూటికి రెండున్నర తేల్చమనండి. రంజాన్‌లో మసీదు కమిటీ పుస్తకం రాయనివ్వండి. ఏడాది తర్వాత కూడా ఇదే కావాలంటే అప్పుడు మంచి కోర్సు వెతుకుదాం. అప్పటిదాకా ఆ లక్షన్నర కదపకండి.