మూడు మగ గినీ పిగ్స్‌కి గూడు కట్టే ముందు

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన గూడు బొమ్మ చూశాను. రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు. మొత్తం 15 చదరపు అడుగులు వస్తుందని రాశావు. ఆ లెక్క మన అపార్ట్‌మెంట్లకి చెల్లుతుంది, గినీ పిగ్స్‌కి చెల్లదు. అవి నేల మీద పరిగెత్తే, ఎలుక జాతి చిన్న జంతువులు, ఎక్కేవి కావు. కాళ్లు పొట్టి, కింద ఎంత లోతుందో కళ్లకి సరిగా ఆనదు. వాటికి కావలసింది ఒకే మట్టం మీద పొడుగాటి నేల. పై అంతస్తు అదనపు వసతే తప్ప నేలకి బదులు కాదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. మూడూ మగవేనని షాపువాడు అన్నాడని నమ్మేయకు. పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించు. ఒక్క ఆడది ఉన్నా రెండు నెలల చిల్లరకి పిల్లలు పుడతాయి, అప్పుడు నీ గూడు ప్లానంతా మారిపోతుంది. మగవేనని తేలాక మాత్రం ఆ గదిలోకి ఆడ గినీ పిగ్‌ని తేవద్దు. దాని వాసనకే ఈ మూడూ కొట్టుకు చస్తాయి.

ఇక అసలు విషయం. రెండు మగవి కలిసి బతకడం మామూలే. మూడైతే కష్టం, ఎందుకంటే రెండు ఒకటై మూడోదాన్ని తరుముతాయి. ముఖ్యంగా మూడో నెల నుంచి ఏడాది దాటేదాకా ఎవరు పెద్ద అన్న తగువు నడుస్తూనే ఉంటుంది. తరమడం ఆపలేవు. తరిమించుకునేవాడికి దారి మిగల్చగలవు. ఈ గూట్లో ఎక్కడా మూల ముగిసిపోకూడదు. నీ బొమ్మలో ఒక్కటే నిచ్చెన దారి ఉంది చూడు, బలమైనవాడు దాని మొదట్లో కూర్చున్నాడంటే పైవాడు దిగలేడు, కిందవాడు ఎక్కలేడు.

కాబట్టి ఇలా చెయ్యి. హాల్లో దివాన్ ఉన్న గోడ ఖాళీ చేస్తే ఎనిమిది అడుగులు దొరుకుతుంది. (మీ ఆవిడతో ముందే మాట్లాడుకో, నా పేరు చెప్పకు.) ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. అంతకంటే వెడల్పు పెడితే వెనక మూలకి చెయ్యి అందదు, తుడవడం మానేస్తావు. వెనక గోడ వెంబడి సరిగ్గా మధ్యలో, నేలకి 10 అంగుళాల ఎత్తున, మూడడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పుతో ఒక అరుగు. దానికి రెండు పక్కల నుంచీ రెండు ర్యాంపులు, ఒక్కొక్కటి రెండున్నర అడుగులు, గూడు రెండు చివరలకీ దిగుతాయి. కాలువ మీద వంతెన ఉంటుంది కదా, అలా. ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగి ముందు భాగంలోంచి పరిగెత్తి మళ్లీ ఎక్కొచ్చు. దారి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఎవడూ ఇరుక్కోడు.

10 అంగుళాల ఎత్తుకి 30 అంగుళాల ర్యాంపు అంటే వాలు 20 డిగ్రీల లోపే. ఇంతకంటే నిటారుగా పెడితే ఎక్కవు, ఎక్కినా దిగడానికి భయపడతాయి. ర్యాంపు కూడా 15 అంగుళాల వెడల్పు ఉండాలి, ఎదురుపడితే రెండూ పక్కపక్కన తప్పుకోవాలి కదా. పైన సన్నటి చెక్క పట్టీలు దగ్గర దగ్గరగా కొట్టి, ఫ్లీస్ గుడ్డ (మెత్తటి దుప్పటి బట్ట) బిగించి పరువు. గోనెపట్టా వద్దు, దారాల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ర్యాంపు పక్కన ఆరంగుళాల అడ్డు కట్టు, కిందికొచ్చేసరికి మాత్రం ఒక జానెడు వదిలెయ్యి, పక్కకి దూకి పారిపోవడానికి. అరుగు అంచున ఎనిమిది అంగుళాల గోడ తప్పనిసరి. ర్యాంపు కింద కిందిసగం ఇరుకుగా ఉంటుంది, దాన్ని చెక్కతో మూసెయ్యి, లేకపోతే ఎవడో ఒకడు అందులో దూరి చిక్కిపోతాడు.

నేలకి ఇనుప జాలీ పొరపాటున కూడా వెయ్యకు. అరికాళ్లు పుండ్లు పడతాయి, ఒకసారి పడితే మానడానికి చాలాకాలం పడుతుంది. ఫ్లెక్స్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర సన్‌ప్యాక్ షీట్ (లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట) దొరుకుతుంది, అంచులు ఆరంగుళాలు మడిచి ట్రేలా చెయ్యి. అరుగుకి కూడా అంతే, 12 ఎంఎం ప్లైవుడ్ మీద షీట్. ఉత్త ప్లైవుడ్ అయితే మూత్రం పీల్చి వాసనేస్తుంది. జాలీ గోడలకీ మూతకీ వాడుకో. గోడలు రెండడుగుల ఎత్తు, ముందువైపు మొత్తం తలుపులు. కిటికీలోంచి పిల్లి వస్తుంది కాబట్టి మూత ఉండాల్సిందే.

అరుగు కింద నీడలో ఒక షాబాద్ బండ వెయ్యి. 26 డిగ్రీలు దాటితే చాలు వీటికి ఇబ్బంది, మన ఎండాకాలం సంగతి నీకు తెలుసు. గడ్డి, నీళ్ల సీసా, దాక్కునే పెట్టె, ప్రతిదీ మూడు చోట్ల ఉండాలి: రెండు చివర్లలో, అరుగు మీద. పెట్టెలన్నిటికీ రెండేసి ద్వారాలు. తిండి పైనొక్కచోటే పెడితే వ్యాయామం అవుతుందని ఎవరో చెప్పారన్నావు. వద్దు, పైకి రాలేనివాడు పస్తుంటాడు.

గురగురమంటూ వెనక భాగం ఊపడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం చూసి టెన్షన్ పడకు, అది రోజువారీ రాజకీయం. పళ్లు టకటకలాడిస్తూ, మెడ మీద జుట్టు లేపి, నోరు పెద్దగా తెరిచి ఎదురెదురుగా నిలబడితే జాగ్రత్త. రక్తం కనబడితే వెంటనే విడదీయాలి. చెయ్యి మాత్రం పెట్టకు, మధ్యలో చేటో మందపాటి తువ్వాలో అడ్డం పెట్టు.

అలాంటి రోజు వస్తుందనే ఈ గూడు రెండు వైపులా ఒకేలా ఉండేట్టు గీశాను. సరిగ్గా మధ్యలో అడ్డంగా, అరుగు పైనా కిందా, జాలీ దిగే గాళ్లు పెట్టించు. జాలీ దించగానే పది చదరపు అడుగుల చొప్పున రెండు ఇళ్లవుతాయి, చెరొక ర్యాంపుతో. వేరుపడ్డవాడు కూడా పక్కవాళ్లని చూస్తూ, వాసన చూస్తూ ఉంటాడు, ఒంటరివాడు కాడు. నీ మూడంతస్తుల గూట్లో పైన వేరే పెడితే ఎవరి ముఖం ఎవరికీ కనబడదు. వెల్డింగ్ షాపులో గూడుతో పాటే ఆ మధ్య జాలీ కూడా చేయించి మంచం కింద పడేసుకో. కొట్టుకున్నాక చేయిద్దాంలే అనుకుంటే షాపువాడు వారం తిప్పుతాడు.

మీ అత్త