లీడ్స్ ఎంపైర్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎంఎస్ చేసుకుంటూ, పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ, ఎప్పుడో కూల్చేసిన ఒక వెరైటీ థియేటర్ (పాటలు, హాస్యం, గారడీలు ఒకే రాత్రి వరసగా ఆడే హాలు) గురించి ఇంత సమాచారం పోగేశావంటే నీకు రాసే పిచ్చి బాగానే ఉంది. మెచ్చుకోలు ఇంతటితో ఆపేస్తాను, నువ్వు అడిగింది దిద్దుబాట్లు కాబట్టి.

ముందు మొదటి రెండు పేరాలూ తీసెయ్. "ఒకప్పుడు నవ్వులతో మార్మోగిన ఆ భవనం నేడు లేదు" అని మొదలుపెట్టావు. ఈ వాక్యం మూతపడ్డ ఏ హాలుకైనా సరిపోతుంది, అంటే లీడ్స్ ఎంపైర్ గురించి అది ఏమీ చెప్పలేదన్నమాట. పైగా అప్పుడే ఏడుపు మొదలుపెడితే, ఆ హాలు ముఖం కూడా చూడని మన పాఠకుడు దేనికి ఏడవాలి?

అసలు కథ నువ్వు ఒక్క లైన్లో దాటేసిన చోట ఉంది. "1898లో ఫ్రాంక్ మాచమ్ డిజైన్ చేశాడు" అన్నావు, అంతే. బ్రిగేట్, వికార్ లేన్ అనే రెండు వీధుల మధ్య అంతకుముందు ఏముండేది? కబేళాలు, మాంసం దుకాణాలు, ఇరుకు సందులు. లీడ్స్ ఎస్టేట్స్ కంపెనీ వాటిని పడగొట్టించి, మాచమ్ చేతే కౌంటీ ఆర్కేడ్, క్రాస్ ఆర్కేడ్ అనే పైకప్పున్న షాపుల వీధులు, వాటితోపాటు ఎంపైర్ ప్యాలెస్, అంటే నీ థియేటర్, కట్టించింది. షాపులకు జనం కావాలి, థియేటర్ జనాన్ని లాక్కొస్తుంది. కళామతల్లి సేవ కోసం ఎవరూ ఇటుక పేర్చలేదు. ఇప్పుడు ఇంకో సంగతి చూడు: ఆర్కేడ్ ఇంకా ఉంది, ఆ బర్మన్‌టాఫ్ట్స్ పింగాణీ పలకలు, గుమ్మటాల లోపలి మొజాయిక్ బొమ్మలు నువ్వు సిటీకి వెళ్లినప్పుడల్లా చూసేవే. థియేటర్ మాత్రం 1961 ఫిబ్రవరిలో పాంటోమైమ్ (చలికాలపు పాటల-హాస్య నాటకం) సీజన్‌తో మూతపడింది, ఆ మరుసటి ఏడాది నేలమట్టమైంది, ఆ స్థలంలో మళ్లీ షాపులే వచ్చాయి, 1996 నుంచి హార్వే నికోల్స్ అనే ఖరీదైన పెద్ద షాపు ఉంది. ఒకే మనిషి గీసిన ప్లాన్, ఒకే స్థలం, ఒకే కాలం. అద్దె రాబట్టేది మిగిలింది, రాబట్టలేనిది పోయింది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదేనని నా అభిప్రాయం. కాదంటావా, వాదించు, కానీ ఏదో ఒక వెన్నెముక మాత్రం ఉండాలి.

తర్వాత ఆ పేర్ల దండ. ఫలానావాడు ఇక్కడ ఆడాడు, ఫలానావిడ ఇక్కడ పాడింది అని ఒక పేజీ నింపావు. ఎంపైర్ లాంటి హాళ్లను నడిపిన మాస్ ఎంపైర్స్ కంపెనీకి దేశమంతా థియేటర్లు ఉండేవి, ఒక్కో ఊళ్లో ఒక్కో వారం చొప్పున ఆర్టిస్టులు తిరుగుతూనే ఉండేవాళ్లు. అందుకే పెద్ద పేర్లన్నీ దాదాపు ప్రతి ఊరి జాబితాలోనూ కనిపిస్తాయి. దండ తీసేసి, ఆ ఒక్క వారం ఎలా గడిచేదో రాయి.

ఆదివారం ప్రయాణం. క్రూ జంక్షన్‌లో రైళ్లు మారుతూ హాస్యగాళ్లు, గారడీవాళ్లు, సర్కస్ కుక్కలు అందరూ ఒకే ప్లాట్‌ఫారం మీద. సోమవారం ఉదయం కొత్త ఊళ్లో బ్యాండ్ కాల్, అంటే అక్కడి ఆర్కెస్ట్రాతో రిహార్సల్. ఎవరు ముందొస్తే వాళ్లు తమ మ్యూజిక్ కాగితాలు స్టేజీ అంచున వరసలో పెట్టేవాళ్లు. ఇద్దరు గాయకులు ఒకే పాట తెచ్చుకున్నారనుకో, ముందు పెట్టినవాళ్లదే ఆ పాట. రెండోవాళ్లు ఆ వారమంతా ఇంకోటి పాడుకోవాల్సిందే! ఆ టెన్షన్‌తో పొద్దున్నే పరిగెత్తిన ఒక అమ్మాయి మీద ఒక్క పేరా రాస్తే నీ పేజీడు పేర్ల కంటే ఎక్కువ పనిచేస్తుంది. (పేరు కల్పించకు. "ఒక గాయని" చాలు.)

రాత్రికి రెండు షోలు. మొదటి షో జనం బయటికి పోవాలి, రెండో షో జనం లోపలికి రావాలి, కాబట్టి ఎవరి ఐటమ్‌కైనా నిమిషాలు లెక్కే. స్టేజీ పక్కన ఫ్రేములో అంకె మారుతుంది, ప్రోగ్రాం కాగితంలో ఆ అంకె చూసి ఎవరొస్తున్నారో తెలుసుకుంటారు. వెనక సామాను సర్దుతుంటే ఒక హాస్యగాడు తెర ముందు నిలబడి జోకులు చెప్పాలి, వెనక సుత్తి దెబ్బలు వినిపించకుండా. పోస్టర్ మీద స్టార్ పేరు గజం పొడవు, కింద చిన్న ఆర్టిస్టుల పేర్లు బార్‌లో అమ్మే మందు ప్రకటనతో సమానమైన అక్షరాల్లో. అందుకే తమ స్థాయిని వాళ్లలో వాళ్లు "వైన్స్ అండ్ స్పిరిట్స్" అని చెప్పుకునేవాళ్లు.

1907 జనవరిలో లండన్ హాళ్లలో జరిగిన సమ్మె గురించి నువ్వు అసలు రాయలేదు. అదనపు మ్యాటినీలు ఆడించి, దానికి డబ్బులివ్వకపోవడం మీద గొడవ. మేరీ లాయిడ్ అనే గాయని అప్పటికే పెద్ద స్టార్, ఆమెకు ఏ లోటూ లేదు, అయినా చిన్న ఆర్టిస్టుల పక్కన నిలబడింది. 1912లో రాజుగారి ముందు జరిగిన మొదటి వెరైటీ ప్రదర్శనకు ఆమెను పిలవలేదు. సమ్మె వల్లే అని కొందరంటారు, ఆమె పాటల్లో కొంటెతనం ఎక్కువ అని కొందరంటారు. లీడ్స్ కథకి ఇది పక్కదారి, రెండు మూడు వాక్యాలు చాలు.

ఇక ముగింపులో "టీవీ వచ్చి థియేటర్‌ని చంపేసింది" అన్నావు. అందరూ అనేదే. కానీ 1955లో ఐటీవీ అనే ప్రైవేటు టీవీ చానల్ మొదలయ్యాక లండన్ పలాడియం థియేటర్ నుంచి ప్రతి ఆదివారం రాత్రి వచ్చిన వెరైటీ షో ఎవరి పేరు మీద నడిచింది? వాల్ పార్నెల్. ఆయన మాస్ ఎంపైర్స్ మేనేజింగ్ డైరెక్టర్. అంటే బయటి శత్రువెవరో రాలేదమ్మా, ఇంటివాళ్లే సామాను సర్దుకుని కొత్తింటికి మారారు. ఇంకో మెలిక కూడా ఉంది. ఎంపైర్‌కి నాలుగడుగుల దూరంలో సిటీ వెరైటీస్ అనే చిన్న హాలు, 1865లో చార్లెస్ థార్న్‌టన్ తన సారాయి దుకాణానికి ఆనుకుని పెట్టింది, ఇంకా నడుస్తోంది. దాన్ని ఊరూరా తెలిసేలా చేసింది టీవీనే! 1953 నుంచి 1983 దాకా బీబీసీ అక్కడ పాతకాలపు వెరైటీ షో తీసింది, ప్రేక్షకులు కూడా తాతల కాలం నాటి బట్టలేసుకుని వచ్చేవాళ్లు. ఒకే టీవీ ఒక హాలుని ముంచింది, పక్క హాలుని తేల్చింది. (ఈ థార్న్‌టన్ కూడా ఆర్కేడ్ కట్టాడు సుమా, ఆయన పేరు మీదే ఉంది, బ్రిగేట్‌లోనే. ఆ ఊళ్లో పాటకీ అద్దెకీ ఏదో బంధుత్వం ఉంది.) ఈ మెలికని చివర్లో ఇరికించకు, మధ్యలోనే బయటపెట్టు.

లీడ్స్ లైబ్రరీవాళ్ల పాత ఫొటోల సేకరణ, లియోడిస్, ఆన్‌లైన్‌లో ఉంది, బ్రిగేట్ పాత ఫొటోలు ముందేసుకుని కూర్చో. తర్వాత ఒక సాయంత్రం హార్వే నికోల్స్ ముందు నిలబడి, ఇక్కడ ద్వారం, ఇక్కడ రెండో షో క్యూ అని కాళ్లతో కొలుచుకో. సెక్యూరిటీ అతను అడిగితే నిజమే చెప్పు, ఎవరూ కాదనరు.

రెండో డ్రాఫ్ట్ వర్డ్ ఫైల్‌గా పంపు. ఫోన్ స్క్రీన్‌షాట్లు వద్దు, నా కళ్లకు ఆనవు.