త్రీఫోల్డ్ అంటే మూడు రెట్లా, మూడు మడతలా?

ఇంగ్లీషులో త్రీఫోల్డ్ అంటే మూడు రెట్లు. చివరి 'ఫోల్డ్' పాత ఇంగ్లీషు ప్రత్యయం 'ఫెయాల్డ్' నుంచి వచ్చింది. మడవడం అనే క్రియకు చుట్టమే. జర్మన్‌లో 'ఫాల్టిగ్', డచ్‌లో 'వౌడిగ్' కూడా ఇంగ్లీషు చేరిన జర్మానిక్ భాషా కుటుంబంవే. ఒకదాని మీద ఒకటి పడ్డ పొరలను లెక్కపెట్టడం నుంచి 'ఇన్ని రెట్లు' అనే అర్థం స్థిరపడింది. వింతేమీ కాదు, అనంతపురం సరిహద్దు ఊళ్లలో వినిపించే కన్నడంలోనూ మడతకీ రెట్టుకీ 'మడి' ఒకటే మాట: ఇమ్మడి, ముమ్మడి.

కర్నూలు మార్కెట్లో ఉల్లి క్వింటా 1,000 రూపాయల నుంచి 3,000కి చేరితే ధర త్రీఫోల్డ్ అయినట్టు. చాలామంది పాత వెయ్యికి మరో మూడు వేలు కలిపి 4,000 అనుకుంటారు. మూడుసార్లు మడిచినట్టు అనుకుంటే మరీ తప్పు. కాగితాన్ని అలా సగానికి మడిస్తే 8 పొరలవుతాయి.