రేడియేషన్‌తో చర్మం దెబ్బతినకుండా ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు గడ్డ వరకే తొలగించారు. వచ్చే వారం నుంచి మూడు వారాల్లో 15 విడతల రేడియేషన్ ఇస్తామన్నారు. చర్మం కాలిపోతుందని, అక్కడ నీళ్లు తగలనివ్వకూడదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సలహా: నీళ్లు తగలకూడదన్నది పాతకాలపు మాట. గోరువెచ్చని నీటితో, గాఢత తక్కువగా ఉన్న సబ్బుతో రోజూ శుభ్రం చేసుకోవచ్చు. అయితే పీచుతో రుద్దకుండా చేత్తోనే కడిగి, మెత్తని తువ్వాలుతో అద్దుకోవాలి. రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో తెలిసేందుకు చర్మంపై గీసిన గుర్తులను మాత్రం చెరపకండి.

రేడియేషన్ ఇచ్చేటప్పుడు వేడి గానీ నొప్పి గానీ తెలియదు. చర్మం అడుగు పొరలో నిత్యం కొత్త కణాలు పుట్టి పైకి వస్తుంటాయి. అవి దెబ్బతినడం వల్ల పైపొర రాలినంత వేగంగా కొత్త చర్మం తయారుకాదు. అందువల్ల మొదటి వారంలో ఏమీ కనిపించకపోయినా, ఆ తర్వాత ఎరుపు, దురద, పొడిబారడం మొదలవుతాయి. ఛాయ ముదురుగా ఉన్నవారిలో ఎరుపు కంటే నల్లబడటమే ముందుగా తెలుస్తుంది. చివరి విడత అయ్యాక కూడా ఒకటి రెండు వారాలు ఇవి పెరిగి, తర్వాతే తగ్గుతాయి కాబట్టి అప్పుడు కంగారు పడకండి. మీకు చెప్పిన 15 విడతల పద్ధతిలో, 25 విడతల పద్ధతితో పోలిస్తే ఈ ఇబ్బంది తక్కువే.

అన్నిటికంటే ఎక్కువగా కనిపెట్టుకోవలసింది రొమ్ము కింది మడత, చంక. చెమట, ఒరిపిడి కలిసి చర్మం ముందుగా చిట్లేది అక్కడే. రోజూ అద్దంలో చూసుకుని ఆ మడతను పొడిగా ఉంచండి. తీగ ఉన్న బ్రా వద్దు. కుట్టు అంచు ఒరుసుకోని, వదులైన నూలు లోదుస్తులు వేసుకోండి. ఆ భాగంపై ప్లాస్టర్లు అంటించవద్దు, వేడి కాపడం, ఐసు పెట్టవద్దు.

సువాసన లేని మాయిశ్చరైజర్‌ను మొదటి రోజు నుంచే పలుచగా రాయండి. మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ క్రీమును చికిత్సతోపాటే మొదలుపెడితే మంట, ఎరుపు తీవ్రత తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. దీన్ని సొంతంగా కొనకుండా, రేడియేషన్ డాక్టరును మొదటి రోజే అడగండి. చర్మాన్ని ఒరిపిడి నుంచి కాపాడే సిలికాన్ పొర మీకు పనికొస్తుందేమో కూడా అడిగి తెలుసుకోండి. కలబంద గుజ్జును చాలామంది నమ్ముతారు గానీ, అది ఈ సమస్యను నివారిస్తుందనడానికి బలమైన ఆధారం లేదు. పొగతాగే అలవాటుంటే మానేయండి. లేకపోతే దెబ్బతిన్న చర్మం నయం కావడం ఆలస్యమవుతుంది.

చర్మం చిట్లి రసి కారుతున్నా, దుర్వాసన, జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చర్మానికి భయపడి సొంతంగా ఏ విడతా మానేయవద్దు. చిట్లిన చోట తగిన డ్రెస్సింగుతో చర్మం సాధారణంగా కొన్ని వారాల్లో మానుతుంది, కానీ మధ్యలో ఆగిన రేడియేషన్ క్యాన్సర్‌పై పట్టును సడలిస్తుంది. చికిత్స పూర్తయ్యాక కూడా ఆ భాగానికి నేరుగా ఎండ తగలకుండా చూసుకోండి.