ఓడ ముక్కు దగ్గర పట్టీలు విరుగుతుంటే ముందు అడ్డచెక్కలు చూడు

తమ్ముడూ, నువ్వు కడుతున్న చెక్క బొమ్మ ఓడ కిట్‌లో వచ్చిన పట్టీలు (ఓడ ఒంటికి పైన అతికించే సన్న చెక్కలు) ముక్కు దగ్గర వంచగానే విరుగుతున్నాయని, చెక్క నాసిరకమేమోనని అడిగావు. ఒక పట్టీని వెలుతురులో పట్టి చూడు. నార బారుగా సాగకుండా ఏటవాలుగా అంచు దాటిపోతుంటే ఎంత నానబెట్టినా విరుగుతుంది. అలాంటివి ఓడ నడుం భాగానికి ఉంచుకో, అక్కడ వంపు తక్కువ. సగానికి పైగా అలాగే ఉంటే ఫొటో తీసి అమ్మినవాళ్లకి పంపు, వేరేవి అడుగు.

నార బాగుంటే మాత్రం దోషం అడ్డచెక్కల్లో, అంటే పట్టీలు ఆనేలా ఓడ లోపల అడ్డంగా నిలబెట్టే చెక్కల్లో ఉంటుంది. లేజర్‌తో కోసిన ప్లైవుడ్ అంచు నిటారుగా, మాడి నల్లగా ఉంటుంది. పట్టీ ఆ మూల మీదే ఆనుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. పైగా మసి మీద జిగురు సరిగా పట్టదు. ముక్కు వైపు మూడు నాలుగు అడ్డచెక్కల అంచుల్ని ఉప్పుకాగితంతో ఏటవాలుగా అరగదియ్యి. విడి పట్టీ ఆనిస్తే ఎక్కడా సందు కనబడకూడదు.

1.5 మిల్లీమీటర్ల పట్టీని అరగంట వేడినీళ్లలో నానబెట్టి, సీసాకి గుడ్డతో చుట్టి కట్టి రాత్రంతా ఆరనివ్వు. తడి మీద అతికించకు. పోయిన వానాకాలం పర్లాకిమిడిలో నేనదే చేశాను. చలికాలానికి పట్టీలు కుంచించుకుని గోరు దూరేంత సందులు పడ్డాయి, ఒక పక్క మొత్తం ఊడదీశాను. మీ బరంపురం సముద్రానికి ఇంకా దగ్గర, గాలిలో చెమ్మ ఎక్కువ. టెన్షన్ పడకుండా రెండు రాత్రులు ఆరనివ్వు.