త్ర్యంబకానికి నడిచిన మనిషి గురించి ఒక యువ రచయితకు లేఖ

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం రైలులో వచ్చేవారి చేతికిచ్చి నువ్వు పంపిన రాతప్రతి భద్రంగా అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లు చెమ్మగిల్లాయి, రెండోసారి చెమ్మగిల్లలేదు. మొదటిసారి నన్ను కదిలించింది ఆ తండ్రి దుఃఖమే తప్ప నీ రచన కాదని రెండోసారి చదివాక గాని నాకు తెలియలేదు. మనసు నొప్పించాలని ఈ మాట అనడం లేదు. ఆ దుఃఖానికి తగిన నవల నువ్వు రాయగలవన్న నమ్మకం ఉంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరానికి పూనుకున్నాను.

ముందుగా అట్ట మీద నువ్వు రాసుకున్న ‘స్ఫూర్తిదాయక నవల’ అన్న మాట కొట్టెయ్యి. అది చదివినవాళ్లు అనవలసిన మాట. వంట చేసినవాళ్లే రుచిగా ఉందని చెప్పి వడ్డిస్తే తినేవాడికి ముందే అనుమానం వస్తుంది.

ఇక కథ. రైల్వేలో పని చేసి విరమించిన, మధుమేహం ఉన్న, అరవై రెండేళ్ల మనిషికి ఇరవై నాలుగేళ్ల కూతురు పోయింది. గోదావరి ఎక్కడ పుడుతుందో చూడాలని ఆ పిల్ల ఎప్పుడో అన్న మాట పట్టుకుని, సంక్రాంతి వెళ్లిన మర్నాడు అతను గుణుపురంలో బయలుదేరి రాయగడ, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా మహారాష్ట్రలోని సిరొంచ చేరి, అక్కడి నుంచి గోదావరిని పట్టుకుని ఎగువకు, నాసిక్ దగ్గరి త్ర్యంబకం దాకా నడుస్తాడు. ఈ ఊహ బాగుంది. మన వంశధార, నాగావళి, అటు బస్తరు వైపు పారే ఇంద్రావతి, మూడూ కలహండి జిల్లా తుఆముల్ రాంపూర్ కొండల్లోనే పుడతాయి. మొదటి రెండూ మన సముద్రం వైపు వస్తే, మూడోది పడమటికి పోయి సిరొంచ ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. అంటే తన ఊరి నది ఒడ్డు విడిచిన మనిషి ఆ నది తోబుట్టువు వెంట నడిచి గోదావరిని చేరుతున్నాడన్న మాట. ఇంత మంచి దారిని ఎంచుకుని, ఆ సంగతి ఒక్క వాక్యంలోనైనా వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

అసలు చిక్కు మూడో అధ్యాయంలో మొదలైంది. అతను కొరాపుట్ ఘాటీ ఎక్కి సూర్యోదయం చూస్తాడు, ఒకటిన్నర పేజీ ఆలోచిస్తాడు, హృదయం తేలికపడిందంటాడు. నాయనా, బిడ్డ పోయిన మర్నాడు కూడా ఆ సూర్యుడు అలాగే ఉదయించాడు. ఏ తండ్రీ క్షమించలేనిది సరిగ్గా దాన్నే. మన ప్రాంతంలో అందమైన కొండలకు కొదవ లేదు. కొండ అందానికి గుండె గాయం మానేటట్లయితే కొరాపుట్ జిల్లాలో దుఃఖపడే మనిషే ఉండకూడదు.

నడక మందు కాదు, పథ్యం. నాటువైద్యం చేసిన మా తాతగారు రోగికి పథ్యం చెప్పేటప్పుడు, దీనితో జబ్బు పోతుందని ఎన్నడూ అనేవారు కాదు. మందు పని చేస్తుంటే అడ్డం రాకుండా ఉంటుందని మాత్రమే అనేవారు. నడక కూడా అంతే. రోజంతా ఒళ్లు అలిసేలా చేసి రాత్రి నిద్ర పట్టిస్తుంది, ఆకలి వేయిస్తుంది, మనిషిని ఇంట్లో ఆ ఖాళీ గదికి దూరంగా ఉంచుతుంది. మందు ఇంకెక్కడి నుంచో రావాలి. ఆ ‘ఇంకెక్కడో’ ఏమిటన్నదే నీ నవల.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. మా వారు పోయిన ఏడాది, మొక్కు అని ఇంట్లో వాళ్లకు చెప్పి, పాతపట్నం మీదుగా అరసవల్లికి నాలుగు రోజులు నడిచాను. మొదటి రెండు రోజులూ ఒక్క కన్నీటి చుక్క రాలేదు. మూడో రోజు నరసన్నపేట దాటాక చెప్పు తెగింది. చెట్టు కింద కూర్చుని, ఆ తెగిన చెప్పు ఒళ్లో పెట్టుకుని, దారిన పోయేవాళ్లు ఆగి చూసేటంత గట్టిగా ఏడ్చాను. ఆ క్షణంలో మా వారు నాకు గుర్తు కూడా రాలేదు. నా ఏడుపంతా చెప్పు కోసమే. లేచాక మాత్రం వేరే మనిషిని అయ్యాననిపించింది. దుఃఖం రావలసిన వాకిట్లోంచి రాదు, దొడ్డిదారిన వస్తుంది. నీ కథానాయకుడు ఏడ్చే ప్రతిచోటా కూతురి ఫోటో చేతిలో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

అతనికి మధుమేహం అని మొదటి అధ్యాయంలో చెప్పి, తర్వాత మాత్రలు మింగించడం తప్ప దాన్ని పూర్తిగా మరిచిపోయావు. నీ నవలకు ప్రాణం అక్కడుంది. ఏళ్ల తరబడి చక్కెర జబ్బు ఉన్న మనిషికి పాదంలో స్పర్శ తగ్గిపోవచ్చు. చెమటకు నానిన మడమ చర్మం చెప్పుకు రాసుకుని బొబ్బ లేస్తుంది, పగులుతుంది, పుండవుతుంది. మామూలు మనిషి రెండో కిలోమీటరుకే కుంటుతాడు, ఇతను రోజంతా నడిచేస్తాడు. నొప్పి తెలియకపోవడం అతనికి వరంలా కనిపిస్తుంది. రాయగడ చేరకముందే ఏ ఇంటి అరుగు మీదో పడుకుని ఉండగా ఆ ఇంటి ముసలమ్మ దీపం దగ్గరగా పెట్టి, ‘ఇదేటి బాబూ, కాలు ఇలా అయిపోతే నీకు తెలీలేదా’ అని అడగనియ్యి. ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉండకూడదు. నువ్వు కూడా దానికి వ్యాఖ్యానం రాయకు. ఆ స్పర్శ తిరిగి రాదు, రప్పించకు కూడా. అది అబద్ధం అవుతుంది. డాక్టర్లు ఇలాంటివాళ్లకు చెప్పే జాగ్రత్త ఒకటుంది: రోజూ రాత్రి పాదం అడుగుభాగం అద్దంలో చూసుకోవాలి. రాయగడ బజారులో అతనిచేత చిన్న చేతి అద్దం కొనిపించు. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ అతను తనకు తెలియని నొప్పిని కళ్లతో వెతుక్కుంటాడు. నువ్వు ఎనిమిది పేజీల్లో చెప్పిన ‘ఆత్మపరిశీలన’ అంతా ఆ అద్దంలో ఇమిడిపోతుంది.

లెక్క కూడా ఒకసారి సరిచూసుకో. ఈ దారి 1200 కిలోమీటర్లకు తగ్గదు. నువ్వు అతన్ని 40 రోజుల్లో చేర్చావు, అంటే రోజుకు 30 కిలోమీటర్లు, మధ్యలో ఒక్క రోజు విశ్రాంతి లేకుండా, ఘాటీలతో సహా. పాతికేళ్ల కుర్రవాడికే మొదటి వారంలో అది సాధ్యం కాదు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి, కాలి బొటనవేళ్ల గోళ్లు చెప్పు కొసకు కొట్టుకుని నల్లబడతాయి. కొరాపుట్ నుంచి జయపురం దిగేటప్పుడు ఇవన్నీ అతనికి తెలిసి రావాలి. మొదట్లో రోజుకు పది పన్నెండు, తర్వాత పద్దెనిమిది, పుండు మానేదాకా ఎక్కడో వారం రోజులు ఆగడం, ఇలా లెక్క వేసుకో.

అలా నెమ్మదిగా నడిపిస్తే నీ పంచాంగం కూడా చక్కబడుతుంది. సంక్రాంతికి గుణుపురంలో ఇప్పపువ్వు రాల్చావు. ఇప్ప రాలేది ఫాల్గుణ చైత్రాల్లో. పైఠణ్‌లో ఫాల్గుణంలో పండరిపురం వెళ్లే పల్లకిని చూపించావు. ఆ పల్లకి కదిలేది ఆషాఢ ఏకాదశి కోసం. అయితే నీ అదృష్టం కొద్దీ, ఫాల్గుణ బహుళ షష్ఠికి పైఠణ్‌లోనే సాధువు ఏకనాథుని ఉత్సవం ఉంది, దిండీలనే భజన బృందాలు కట్టుకుని భక్తులు నడిచి అక్కడికే వస్తారు. రెండు నెలలు ఒంటరిగా నడిచిన మనిషి ఒక్కసారిగా, ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగని నడిచేవాళ్ల గుంపులో పడతాడు. ఇంకా, ఆ వేళకు మరాఠ్వాడా ఎండ మామూలుగా ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నడిచి, పది దాటకముందే నీడ చూసుకోవాలి. నీ రాతప్రతిలో అతనికి దాహం ఒక్కసారి కూడా వేయలేదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన చోటు. ఘాటీ దారిలో నెత్తి మీద మూటలతో సంతకు నడిచివెళ్తున్న కొండ ఆడవాళ్లను చూసి నీ కథానాయకుడు, వీళ్ల ముఖాల్లో ఎంత ప్రశాంతత అనుకుంటాడు. వాళ్లు నడిచేది బస్సు లేక, ఉన్నా ఆ డబ్బులు మిగిలితే ఉప్పూ కిరసనాయిలూ వస్తాయని. గాయం మాన్పుకోవడానికి నడవడం తీరిక ఉన్నవాడి పని. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన గంజాం వైపు కుర్రాళ్లు ఎంతమంది ఎక్కడెక్కడి నుంచో జాతీయ రహదారి వెంట ఇచ్ఛాపురం దాటి ఇళ్లకు నడిచారో నువ్వు చూసే ఉంటావు. వాళ్లలో ఎవరినైనా అడుగు, నడక ఏం మాన్పిందో. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊరి నుంచే ఆ కొండల్లోకి వెళ్లివస్తూ విషజ్వరం తెచ్చుకుని, దానికి మింగిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. భాష వినడానికి వెళ్లిన మనిషి నుంచి ఆ దారి చెవులే తీసుకుంది. దారి ఇస్తుంది సరే, తీసుకుంటుంది కూడా. ఆ కొండ ఆడవాళ్లలో ఒకరి చేత, ‘బస్సుకు డబ్బుల్లేవా బాబూ’ అని జాలిగా అడిగించు. జేబులో రైల్వే పాసు పెట్టుకుని నడుస్తున్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో చూడు.

అడగడం అంటే గుర్తొచ్చింది. నీ నవలలో వందల ఊళ్లు దాటినా అతన్ని ఎవరూ ఏమీ అడగరు. మన దేశంలో అది జరిగే పనేనా? ఒడియాలో ‘కుఆడె జాఉఛంతి’ అంటారు, బస్తరు వైపు బీజాపూర్ దారిలో ఊరివాళ్ల కంటే ముందు పోలీసులే అడుగుతారు, మహారాష్ట్రలో ‘కుఠే చాల్లాత’ అంటారు. పరాయి మనిషి ఎక్కడికి పోతున్నాడో తెలుసుకోకపోతే మనవాళ్లకు అన్నం సహించదు. ఈ ప్రశ్నను నువ్వు నవల పొడవునా దారంలా నడిపించవచ్చు. మొదట అతను మొక్కు ఉందంటాడు. తర్వాత ఒకచోట పందెం కట్టానంటాడు. ఇంకోచోట, డాక్టరు నడవమన్నాడంటాడు. అది సగం నిజం. సగం వచ్చిన భాషలో అబద్ధం చెప్పడం తేలిక, అవతలివాడికి మన ముఖం అర్థం కాదు. ఇలా నెల రోజులకు పైగా నెట్టుకొచ్చాక ఇంద్రావతి దాటి సిరొంచలో అడుగు పెడతాడు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు ఉన్న ఊరది. టీ కొట్టు దగ్గర ఎవరో ముసలాయన, ‘ఏడికి పోతున్నవు బాపు?’ అని అడుగుతాడు. యాస మనది కాదు, భాష మాత్రం మనదే. అన్నాళ్లుగా వినని సొంత భాషలో ఆ ప్రశ్న వినేసరికి, సిద్ధంగా ఉంచుకున్న అబద్ధం అతని నోట రాకూడదు. ‘మా అమ్మాయి పోయిందండీ’ అని మాత్రం అనాలి, అడిగిన దానికి అది జవాబు కాకపోయినా. ముసలాయన ఓదార్చకూడదు. ఇంకో టీ చెప్పాలి. నీ నవలకు శిఖరం అది. ఘాటీ కాదు, త్ర్యంబకమూ కాదు.

అందుకే చివరి అధ్యాయం నాకు అనవసరమనిపించింది. గోదావరి పుట్టే బ్రహ్మగిరి కొండ మీద అతను చేసే ఉపన్యాసం, సరిగ్గా అప్పుడే ఏళ్లుగా మాట్లాడని కొడుకు దగ్గర నుంచి వచ్చే ఫోను, రెండూ తీసెయ్యి. త్ర్యంబకంలోని కుశావర్తం కోనేట్లో మునిగి లేచాక అతను ఏం చేస్తాడన్నదే నాకు కావాలి. నాసిక్ రోడ్డు స్టేషనుకు వెళ్లి రైలెక్కాలి కదా! రెండున్నర నెలలు నడిచిన దేశాన్ని రైలు పగలూ రాత్రీ చకచకా వెనక్కు చుట్టేస్తుంటే, జీవితమంతా రైళ్ల మధ్య గడిపిన ఆ మనిషి కిటికీ పక్కన కూర్చుని ఏం చూస్తాడో నువ్వు రాయలేదు. గుణుపురంలో దిగాక తాళం తీసి ఆ పిల్ల గది ముందు నిలబడడం కూడా రాయలేదు.

భాష విషయం క్లుప్తంగా చెబుతాను. ‘అనంతమైన పయనం’, ‘జీవన గమ్యం’, ‘గుండె లోతుల్లో’ వంటివి ఎక్కడ కనబడితే అక్కడ కొట్టేసి, వాటి స్థానంలో అతను ఆ పూట ఏం తిన్నాడో రాయి. చోడి అంబలి, జొన్నరొట్టె, పక్కింటివాళ్లు పెట్టిన పచ్చడి, ఏదైనా సరే. పడమటికి పోయేకొద్దీ విస్తట్లో మార్పు వస్తుంటే, ఎంత దూరం వచ్చాడో పాఠకుడికి నువ్వు వేరే చెప్పనక్కరలేదు.

రాతప్రతి అంతా మళ్లీ రాసేదాకా ఆగకు. ఆదివారం రైలులో వచ్చెయ్యి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. వచ్చేటప్పుడు మొదటి అధ్యాయం తేనక్కరలేదు. రాయగడ బజారులో అతను అద్దం బేరమాడే నాలుగు పేజీలు రాసి తీసుకురా.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దమ్మ