చూసి నేర్చుకోవడం అంటే చూసింది చూసినట్టు చేసేయడమేనా?
కాదు. నేర్చుకోవడం వేరు, చేసి చూపించడం వేరు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ పిల్లల ఎదుట పెద్దవాళ్ళ చేత గాలి బొమ్మను చెక్క సుత్తితో కొట్టించాడు. తర్వాత చాలామంది పిల్లలు ఆ దెబ్బల్నీ, కొడుతూ అన్న మాటల్నీ అచ్చు దించేశారు.

అసలు సంగతి 1965లో తేలింది. ఈసారి బొమ్మను కొడుతున్న ఫిల్మ్ చూపించారు. కొట్టినవాడికి చీవాట్లు పడటం చూసిన పిల్లలు అంతగా అనుకరించలేదు. బుద్ధిమంతులనుకునేరు! చూసింది చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తామనగానే వాళ్ళూ మిగతావాళ్ళతో సమానంగా చేసేశారు. ముందే నేర్చుకున్నారు, బయటపెట్టలేదంతే.

శ్రద్ధగా చూడటం, గుర్తుపెట్టుకోవడం, చేయి తిరగడం కూడా కావాలి. అమ్మ వేస్తుంటే రోజూ చూసినా మన మొదటి దోసె పెనానికి అతుక్కునేది అందుకే.